ఊళ్ళో ఆడవాళ్ళ కోసం 8 లక్షలు పోగేశాం. కుట్టు మిషన్లా, అప్పులా, లేసు వ్యాపారమా?

లంకవాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది సఖినేటిపల్లి దగ్గర చిన్న ఊరు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. మా హైస్కూలు పదో తరగతి బ్యాచ్ వాళ్ళం, పోయిన మా లెక్కల మాస్టారి పేరు మీద ఊరికి ఏదైనా చేద్దామనుకుని చందాలు వేసుకున్నాం. 8 లక్షలు దాటింది. డబ్బు ఇట్టే పోగయ్యింది కానీ దాంతో ఏం చెయ్యాలో మాత్రం తేలడం లేదు.

వాట్సాప్ గ్రూపులో మూడు జట్లయ్యాయి. ఒక జట్టు కుట్టు మిషన్లు కొని ఆడవాళ్ళకి పంచి, టైలరింగ్ నేర్పిద్దామంటోంది. ఇంకో జట్టు, బంగ్లాదేశ్‌లో పేదల కోసం గ్రామీణ్ బ్యాంకు పెట్టిన యూనస్ గారి లాగా చిన్న అప్పులిద్దాం, వడ్డీ మాత్రం వద్దు అంటోంది. మూడో జట్టులో నేనున్నాను. మా వైపు చాలా ఇళ్ళల్లో లేసు అల్లుతారు. దారమిచ్చి సరుకు తీసుకెళ్ళే ఏజెంటు ఇచ్చే కూలి చాలా తక్కువ. ఆ ఏజెంట్లని తప్పించి మనమే కొని ఆన్‌లైన్లో అమ్మితే ఎలా ఉంటుంది? సోషల్ ఎంటర్‌ప్రైజ్ (సేవ కోసం నడిపే వ్యాపారం) అంటున్నారు కదా, అలాగన్నమాట.

మా అమ్మని అడిగితే, "ఏం చేసినా చెయ్యండి గానీ ఆడాళ్ళ నెత్తిన ఇంకో అప్పు పెట్టకండ్రా" అంది.

ట్రస్టు పెట్టాలా, కంపెనీ పెట్టాలా? మాలో ఇద్దరు అమెరికాలో, ఒకడు కువైట్‌లో ఉన్నారు. వాళ్ళు నేరుగా పంపొచ్చా? ఈ పనులు దగ్గరుండి చూసినవాళ్ళు చెప్పండి. "మంచి పని, ముందుకెళ్ళండి" లాంటి జవాబులు మా గ్రూపులోనే బోలెడు వచ్చాయి.

చించినాడ

లంకవాసి గారూ, మీ మూడు జట్ల కంటే మీ అమ్మగారికే ఎక్కువ తెలుసండీ. అక్కడ్నుంచే మొదలుపెడతాను. నేను పొదుపు సంఘాల్లో చాలా ఏళ్ళు సీసీగా, అంటే సంఘాల్ని దగ్గరుండి చూసుకునే కమ్యూనిటీ కోఆర్డినేటరుగా పనిచేశాను. ఇప్పుడు నరసాపురం దగ్గర ఒక లేసు సంఘానికి లెక్కలు రాస్తున్నాను. కాబట్టి అప్పుల సంగతీ లేసు సంగతీ రెండూ చెప్పగలను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

అప్పులు. మన జిల్లాల్లో పేదింటి ఆడమనిషికి అప్పు పుట్టకపోవడం అనే కష్టం ఎప్పుడో తగ్గిపోయింది. 1982లో ఆడవాళ్ళ సంఘాల కోసం డ్వాక్రా పథకం వచ్చింది. 1992లో నాబార్డు సంఘాలని బ్యాంకులతో కలిపింది. 2000లో ప్రభుత్వం పల్లెల్లో పేదరికం తగ్గించడానికి సెర్ప్ అనే సంస్థ పెట్టింది, తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం పథకాలు, సంఘాలకి అప్పులిచ్చే స్త్రీనిధి. ఈ రోజు మీ ఊళ్ళో ఏ సంఘం సభ్యురాలినైనా పాసుపుస్తకాలు పట్టుకురమ్మనండి. సంఘం ద్వారా బ్యాంకు ఇచ్చిన అప్పు (లింకేజీ) ఒకటి, స్త్రీనిధి ఒకటి, సంఘం పొదుపులోంచి తీసుకున్నది ఒకటి, ఇవి కాక వారం వారం వచ్చి వసూలు చేసుకునే ప్రైవేటు కంపెనీది ఒకటి. ఒక అప్పు కిస్తీ కట్టడానికి ఇంకో అప్పు చేసేవాళ్ళని నేను లెక్కలేనంత మందిని చూశాను. మీరు వడ్డీ లేకుండా ఇచ్చినా అది కూడా ఇంకో కిస్తీయే.

2010 ఎవరూ మర్చిపోకూడదు. ఆ ఆగస్టులో పేదలకి చిన్న అప్పులిచ్చే, హైదరాబాదు నుంచి నడిచే ఒక పెద్ద మైక్రోఫైనాన్స్ కంపెనీ షేర్ మార్కెట్లోకి దిగింది, అక్టోబరుకల్లా ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. వారం కిస్తీలు ఆపి నెల కిస్తీలే కట్టించుకోవాలనీ, ఇంటి గుమ్మంలో కూర్చుని కాకుండా పంచాయతీ ఆఫీసు లాంటి నలుగురూ తిరిగే చోట వసూలు చెయ్యాలనీ అందులో రాశారు. అలా రాయవలసి వచ్చిందంటే గుమ్మాల దగ్గర ఏం జరిగేదో ఊహించుకోండి. ఆ కంపెనీలన్నీ పేదరికం పోగొట్టడానికి అనే బయల్దేరాయి.

యూనస్ గారి కథ మీ వాళ్ళు సగమే చదివి ఉంటారు. 1976లో జోబ్రా అనే ఊళ్ళో ఆయన 42 మందికి కలిపి 27 డాలర్లు ఇచ్చారు. ఎందుకిచ్చారో చూడండి. అక్కడి ఆడవాళ్ళు వెదురు బల్లలు అల్లేవాళ్ళు. వెదురు కొనడానికి డబ్బు వ్యాపారి ఇచ్చేవాడు, అందుకు బదులుగా సరుకు తను చెప్పిన రేటుకే తనకి అమ్మాలి. ఆ ముడి తెగడానికి ఆయన డబ్బు పనికొచ్చింది, ఎందుకంటే బల్ల కొనేవాడు పక్క సంతలోనే ఉన్నాడు. మన లేసుకి కూడా అదే ముడి ఉంది, దారం ఏజెంటుది. కానీ మన టేబుల్ క్లాతు కొనేది సముద్రం అవతల ఎవరో. మీరు దారానికి అప్పిస్తే మా సంఘం ఆవిడ దారం కొనుక్కుని, అల్లి, ఎవరికమ్మాలి? మళ్ళీ ఆ ఏజెంటుకే.

హైదరాబాదు బస్తీల్లోనే దీని మీద పెద్ద పరిశోధన జరిగింది. 2019లో నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో వాళ్ళు చేసినది. 104 బస్తీలు తీసుకుని సగం వాటిలో ముందుగా మైక్రో అప్పులు మొదలుపెట్టించి చూశారు. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ళు కొంత పెంచుకున్నారు. సగటు ఇంటి ఖర్చు మాత్రం పెరగలేదు, పిల్లల చదువులూ ఆరోగ్యాలూ మారలేదు. బ్యాంకు మీటింగుల్లో మాత్రం "ఈ అప్పుతో మీ జీవితాలు మారిపోతాయమ్మా" అని నాలాంటి సీసీల చేత చెప్పించేవారు.

ఇక కుట్టు మిషన్లు. పంచే రోజున బాగుంటుంది. ఫొటో వస్తుంది, పేపర్లో పడుతుంది. తర్వాత? మన ఊళ్ళల్లో జాకెట్లు కుట్టేవాళ్ళు వీధికి ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అందులోకి మీరు ఇంకో ముప్ఫై మందిని తెస్తే కుట్టుకూలి తగ్గుతుంది తప్ప ఊళ్ళో జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు పెరగరు. ఇలా పంచిన మిషన్లు టీవీ స్టాండ్లు అయినవీ, సగం ధరకి అమ్ముడుపోయినవీ నేను ఎక్కడికెళ్ళినా చూశాను. మిషను తప్పేం లేదు. పని ఉన్నచోట మిషను లేకపోతే అప్పుడు కొనిపెట్టండి.

ఇక లేసు. ఇక్కడ నాకు మాట ఆగదు. మిషనరీలు మనవాళ్ళకి ఈ పని నేర్పి నూట యాభై ఏళ్ళు దాటింది. అప్పట్నుంచీ సరుకు ఓడలెక్కుతూనే ఉంది, అల్లినావిడ అరుగు దిగలేదు. 1982లో అచ్చయిన ఒక విదేశీ పరిశోధనలో దీనికి కారణం స్పష్టంగా రాశారు: వీళ్ళని పనివాళ్ళుగా ఎవరూ లెక్కెయ్యలేదు, ఇంట్లో ఖాళీగా ఉండి చేసుకునే పని అనుకున్నారు, అందుకే కూలి లేవలేదు. మగవాళ్ళు సరుకు అమ్మి వ్యాపారులయ్యారు. ఇప్పటికీ మా సంఘంలోకి కొత్తగా వచ్చినావిడని "ఏం పని చేస్తావమ్మా" అంటే "ఏం లేదండి, ఇంట్లోనేనండి" అంటుంది, చేతిలో సూదీ దారం ఆడుతూనే ఉంటాయి.

2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే గుర్తింపు) వచ్చింది. మంచిదే. చైనా మిషను లేసుని నరసాపురం లేసు అని అమ్మితే అడగడానికి చట్టం ఉంది. కానీ జీఐ ఆర్డర్లు తెచ్చిపెట్టదు. వాడుకోవాలంటే ఉత్పత్తిదారుగా పేరు నమోదు చేయించుకోవాలి, ఆ మాట మన ఆడవాళ్ళలో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

అసలు డబ్బు ఎక్కడ ఆగుతుందో చెప్తాను. ఒక పెద్ద టేబుల్ క్లాతు ఒక్కరే అల్లరు. ఒకావిడ చిన్న పువ్వులు అల్లుతుంది, ఇంకొకావిడ వాటిని అతుకుతుంది, తర్వాత ఎవరో ఉతికి, మరకలు పోగొట్టి, లాగి ఇస్త్రీ చేస్తారు. అవన్నీ అయ్యి, సరుకు వెళ్ళి, కొన్నవాడు చూసుకుని డబ్బు పంపేసరికి రెండు మూడు నెలలు. పువ్వులు అల్లినావిడకి శనివారం సంతకి డబ్బు కావాలి. ఆవిడ మూడు నెలలు ఆగలేదు. ఆగలేనివాళ్ళ దగ్గర ఎవడైతే వెంటనే డబ్బిస్తాడో వాడే రేటు నిర్ణయిస్తాడు. ఏజెంటు బలమంతా అదే. మేం సంఘం పెట్టిన కొత్తల్లో మా రేటు ఏజెంటు కంటే ఎక్కువ, అయినా మా మెంబర్లే సాయంత్రం పూట వెనక వీధిలోంచి వెళ్ళి అతనికి పువ్వులు ఇచ్చి వచ్చేవాళ్ళు. నాకు కోపం రాలేదు. కందిపప్పు కొనాలి కదా.

అంచేత మీ 8 లక్షలు ఈ మూడు నెలల ఎదురుచూపు మీద పెట్టండి అంటాను. ఉదాహరణకి 40 మంది ఆడవాళ్ళు, నెలకి తలా 2,500 పని చేశారనుకుందాం. నెలకి లక్ష కూలి. మూడు నెలలు బయట ఉంటే 3 లక్షలు, దారానికి ఇంకొంత. నాలుగు, నాలుగున్నర లక్షలు తిరుగుతూ ఉంటే వారం వారం కూలి చేతిలో పెట్టొచ్చు. బయటి డబ్బు వచ్చినప్పుడు మళ్ళీ ఆ ఖాతాలో పడుతుంది. ఇది ఎవరి పేరు మీదా అప్పు కాదు, ఎవరికీ కిస్తీ ఉండదు. మిగిలినదాంట్లో ఒక మనిషికి రెండేళ్ళ జీతం పెట్టండి, లెక్కలకీ నాణ్యత చూడ్డానికీ. జీతం లేని సేవకురాలితో నడుపుదాం అనుకోవద్దు, ఆవిడ ఇంట్లో పెళ్ళి వచ్చిన నెలలో మీ సంస్థ ఆగిపోతుంది.

ఆన్‌లైన్ అమ్మకం గురించి ఒక్క మాట. మీరు ఫొటోలు పెట్టి అమ్మేది నెలకి పది ముక్కలు. 40 మందికి అది పని కాదు. ముందు ఆర్డర్లున్న ఎగుమతిదారుకి సంఘంగా సరుకిచ్చి చెయ్యి తిరిగాక మీ వెబ్‌సైటు సంగతి చూద్దాం.

రేవు వీధి

చించినాడ గారు చెప్పింది చాలావరకు నిజం. కానీ ఇక్కడ ఏజెంటు అనేసరికి అందరూ సినిమా విలన్ని చూసినట్టు చూస్తున్నారు, అందుకే రాస్తున్నాను. మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళు లేసు ఏజెంటు. పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద సైకిలేసుకుని దాటి, లంకల్లో ఇంటింటికీ వెళ్ళి దారం ఇచ్చి సరుకు తెచ్చేవారు. వర్షాకాలం తడిసిన సరుకు, పొగచూరిన సరుకు, కొలత తప్పిన సరుకు, అన్నీ పైవాడు తిప్పి పంపితే నష్టం మా నాన్నదే. మా ఇంట్లో అటక మీద అలాంటి మూటలు ఇప్పటికీ ఉన్నాయి. అల్లినావిడకి ఇచ్చిన కూలి వెనక్కి అడగలేదు కదా.

పైగా పెళ్ళికి, కాన్పుకి, ఆస్పత్రికి రాత్రి పది గంటలకొచ్చి తలుపు కొడితే అడ్వాన్సు ఇచ్చేది ఆయనే. మీ ట్రస్టు రాత్రి పది గంటలకి తలుపు తీస్తుందా? తీర్మానం రాసి, కమిటీలో పెట్టి, వచ్చే నెల ఇస్తారు.

కరోనాలో ఆర్డర్లు ఆగిపోతే మాకు రావలసినవి ఒక ఎగుమతిదారు దగ్గర ఇరుక్కుపోయాయి. ఇప్పటికీ పూర్తిగా రాలేదు. మీ 8 లక్షలు కూడా అలా ఇరుక్కుంటే ఏం చేస్తారో ముందే అనుకోండి. ఏజెంట్లని తప్పించడం కంటే ఇద్దరు మంచి ఏజెంట్లని పట్టుకుని, రేటు అందరికీ తెలిసేలా గోడ మీద రాయించండి. అది చాలు సగం మోసం పోతుంది.

ఆడిటరుగారబ్బాయి

రిజిస్ట్రేషన్ సంగతి వరకే చెప్తాను, మిగతాది పెద్దలకి వదిలేస్తున్నాను.

మీ బ్యాచ్ వాళ్ళు డబ్బు పోగేసి ఇవ్వడం వరకే అయితే పబ్లిక్ ట్రస్టు చాలు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర దస్తావేజు, పాన్, తర్వాత ఆదాయపు పన్ను శాఖలో 12ఏబీ అని పిలిచే ట్రస్టు నమోదు, 80జీ అని పిలిచే దాతల పన్ను మినహాయింపు నమోదు. మొదట మూడేళ్ళకి తాత్కాలికంగా ఇస్తారు. 80జీ వల్ల మీ స్నేహితులకి పన్ను మినహాయింపు వస్తుందని ఆశపెట్టకండి, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి అది వర్తించదు.

ట్రస్టే లేసు వ్యాపారం చేస్తే, అది ట్రస్టు ఆశయానికి అనుబంధంగా ఉండాలి, లెక్కలు విడిగా రాయాలి. చిక్కులొస్తాయి. వ్యాపారం ఆడవాళ్ళ పేరు మీదే ఉంటే మంచిది. 1995 నాటి పరస్పర సహాయ సహకార చట్టం కింద మ్యాక్స్ సంఘం పెట్టుకోవచ్చు, లేదా ఉత్పత్తిదారులే సభ్యులుగా ఉండే ప్రొడ్యూసర్ కంపెనీ. కంపెనీకి కనీసం 10 మంది ఉత్పత్తిదారులు, 5 మంది డైరెక్టర్లు కావాలి. వాటా ఎంత ఉన్నా మనిషికి ఒకటే ఓటు. లేసు అల్లనివాళ్ళు సభ్యులు కాలేరు, అంటే లంకవాసి గారూ, మీరు కాలేరు. మీ ట్రస్టు వాళ్ళకి గ్రాంటు ఇవ్వొచ్చు. సేవ కోసం పెట్టే సెక్షన్ 8 కంపెనీ గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు, కానీ అందులో లాభం సభ్యులకి పంచకూడదు. అల్లినవాళ్ళకి సంవత్సరాఖరున బోనస్ ఇవ్వాలన్నది మీ ఉద్దేశమైతే అది మీకు సరిపడదు.

విదేశీ డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్త. కువైట్ స్నేహితుడిది భారత పాస్‌పోర్టే కాబట్టి ఆయన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా వాళ్ళిద్దరూ అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా రూపాయి కూడా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్ రావాలంటే సంస్థకి మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో 15 లక్షల ఖర్చు చూపించాలి. "మా అమ్మ అకౌంట్లో వేస్తాను, ఆవిడ చేత ఇప్పించు" అని వాళ్ళు అంటారు. అందరూ అంటారు. వద్దని చెప్పండి.

చించినాడ

రేవు వీధి గారూ, మీ నాన్నగారి గురించి రాసింది చదివాక నాకు మా వైపు ఒకాయన గుర్తొచ్చారు. అలాంటివాళ్ళు ఉన్నారు. నేను చెప్పేదీ అదే, ఏజెంటు చేసే పనులు సంఘం చెయ్యకుండా ఏజెంటు లాభం మాత్రం తీసేద్దామంటే కుదరదు. ఇంటి దగ్గరికి వెళ్ళాలి, వెంటనే కూలి ఇవ్వాలి, అవసరానికి అడ్వాన్సు ఇవ్వాలి, పాడైన సరుకు భరించాలి. మా సంఘంలో అడ్వాన్సుకి చిన్న మొత్తం విడిగా పెట్టి, ఇవ్వాలా వద్దా అన్నది ముగ్గురు మెంబర్లకి వదిలేశాం. రాత్రి పదింటికి కూడా ఇస్తారు. ఆ ముగ్గురి ఇళ్ళూ ఆ వీధిలోనే కాబట్టి.

ఒక్కచోట మాత్రం ఒప్పుకోను. గోడ మీద రేటు రాస్తే చాలదండీ. ఆర్డరు ఎంతకొచ్చిందో అల్లినావిడకి తెలియాలి. మీ నాన్నగారికీ తెలిసి ఉండదు, ఆయన పైన ఇంకొకడు ఉంటాడు. అమెరికా వాళ్ళు 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం రొయ్యల సంగతి పేపర్లనిండా వచ్చింది. రేటు పడిందని చెరువు రైతుకి ఆ రోజే తెలిసింది. మా లేసు వాళ్ళకి "ఆర్డర్లు లేవమ్మా" అన్న మాట ఒక్కటే వచ్చింది, అది ఏ సంవత్సరం అయినా వచ్చే మాటే.

ఎగుమతిదారు దగ్గర డబ్బు ఇరుక్కోవడం నిజమైన ప్రమాదం. అందుకని మొత్తం సరుకు ఒక్కరికే ఇవ్వద్దు, మొదటి ఆర్డరుకి సగం ముందు తీసుకోండి. ఇవ్వనంటే చిన్న ఆర్డరే చెయ్యండి. కొంత పోవచ్చు కూడా. దానం ఇచ్చిన డబ్బుకి ఉన్న ఒక్క సుఖం అదే, పోయినా ఎవరి పుస్తెలూ తాకట్టులో ఉండవు. బ్యాంకు డబ్బుతో ఈ పని చెయ్యలేనిదీ అందుకే.

మంచినీళ్ళ చెరువు

లేసు నాకు తెలియదు. మాది ఆకివీడు వైపు. మా ఊరి మంచినీళ్ళ ప్లాంటు కమిటీలో ఉన్నాను కాబట్టి "ఉచితమా, డబ్బు తీసుకోవాలా" అన్నదాని మీద ఒక మాట.

వేసవిలో కాలువలు కట్టేస్తారు, అంతకుముందు నింపుకున్న చెరువు నీళ్ళే తాగాలి. బోరు వేస్తే ఉప్పు. చుట్టూ రొయ్యల చెరువులు. సత్యం కంప్యూటర్స్ అధిపతి కుటుంబం పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ 2001లో మొదలై మా జిల్లా పల్లెల్లో నీళ్ళ ప్లాంట్లు పెట్టింది, అందరికీ తెలిసిందే. వాళ్ళ పద్ధతిలో నచ్చింది ఏంటంటే ఊరి వాటా అడిగేవారు, నీళ్ళు ఊరికే ఇచ్చేవారు కాదు, క్యానుకి కొద్దిపాటి రేటు. అప్పట్లో మా పెద్దలు "ధర్మం చేస్తూ డబ్బులేంటి" అని తిట్టారు. 2009 జనవరిలో సత్యం కంపెనీ గొడవ బయటపడింది. దాతలకే కష్టం వచ్చాక క్యాను డబ్బులతో కరెంటు బిల్లూ ఆపరేటరు జీతమూ వెళ్ళే ప్లాంటు నడుస్తుంది, వెళ్ళనిది తాళం పడుతుంది.

కానీ ఇందులో ఇంకో తిరకాసు ఉంది. క్యాను రేటు రోజువారీ ఖర్చుకి సరిపోతుంది. నీళ్ళు వడగట్టే మెంబ్రేన్లు మార్చాల్సి వచ్చినప్పుడు ఒకేసారి పెద్ద మొత్తం కావాలి. దానికి ఎవరూ దాచరు. రేటు పెంచుదామంటే సర్పంచి ఎన్నికలు దగ్గరపడతాయి. మా ప్లాంటు అలా ఒక వేసవంతా మూతపడితే, చివరికి ఊళ్ళో పెళ్ళి చేసిన ఒకాయన కట్నకానుకల బదులు మెంబ్రేన్లు కొనిపెట్టారు. లంకవాసి గారూ, మీరు ఏది పెట్టినా పెద్ద మరమ్మతుకి ఎవరు డబ్బిస్తారన్నది మొదటి రోజే రాసుకోండి.

పూర్తిగా నీళ్ళు కొనుక్కోలేని ముసలివాళ్ళు మా ఊళ్ళో ఓ ఇరవై ఇళ్ళున్నాయి. వాళ్ళకి టోకెన్లు ఉచితం, లిస్టు ఎక్కడా అంటించం. ఆపరేటరుకి తెలుసు, చాలు.

అంబాజీపేట కొబ్బరాకు

అందరూ పనిచెయ్యగలిగిన వాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. లేసు అల్లాలంటే కళ్ళు కావాలి, ఇంట్లో కూర్చునే తీరిక కావాలి. మీ ఊళ్ళో అందరికంటే పేదవాళ్ళు ఆ 40 మందిలో ఉండరు. రొయ్యల ఫ్యాక్టరీ వ్యాను ఎక్కి తలలు తియ్యడానికి వెళ్ళే అమ్మాయిలు ఉండరు. కౌలు చేసి మునిగినవాడి భార్య ఉండదు. పంట సాగుదారుల హక్కుల 2019 చట్టంలో కౌలు కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి, ఆయన పెట్టడు, కార్డు లేదు కాబట్టి పంటరుణమూ లేదు, ఆ ఇంటికి ముందు కావలసింది ఆ సంతకం. దానికి మీ 8 లక్షలు ఖర్చవ్వవు, మీ బ్యాచ్‌లో భూములున్నవాళ్ళు వాళ్ళ కౌలుదార్లకి సంతకాలు పెడితే చాలు. (ఈ మాట మీ గ్రూపులో పెట్టి చూడండి, ఎంతమంది జవాబిస్తారో.)

మరీ అడుగున ఉన్నవాళ్ళ కోసం బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002 నుంచి ఒక పద్ధతి నడుపుతోంది. ఆవో మేకలో ఉచితంగా ఇచ్చి, కొన్నాళ్ళు తిండికి డబ్బిచ్చి, ఒక మనిషి వారం వారం ఇంటికెళ్ళి చూసుకోవడం. అప్పు కాదు. అదే పద్ధతిని మన దేశంతో కలిపి ఆరు దేశాల్లో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు, సాయం ఆగిపోయిన ఏడాది తర్వాత కూడా ఆదాయాలు నిలబడ్డాయి. ఖరీదైన పద్ధతే. 8 లక్షలకి పది పన్నెండు ఇళ్ళ కంటే రావు. కానీ ఆ ఇళ్ళు ఏవో మీ అమ్మగారిని అడిగితే కూర్చున్నచోటే చెప్తారు.

ఇంకొకటి. అన్నిటినీ వ్యాపారం చెయ్యక్కర్లేదండి. మన లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు అన్నం పెట్టినప్పుడు నీ బిజినెస్ మోడలేంటని ఎవరూ అడగలేదు. ఇప్పుడు బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. మంచం పట్టిన ముసలావిడకి కావలసింది రెండు పూటలా క్యారేజీ.

లంకవాసి

అందరికీ చాలా థాంక్స్. చదువుతుంటే కాస్త టెన్షన్ కూడా వచ్చింది. కౌలు సంతకాల మాట గ్రూపులో పెట్టాను. ఇద్దరు లైక్ కొట్టారు, ఒకడు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

మిషన్ల జట్టు ఇంకా ఒప్పుకోలేదు. లేసు కూలి కోసం డబ్బు తిప్పడం నాకు నచ్చింది. అమెరికా వాళ్ళకి ఎఫ్‌సీఆర్ఏ సంగతి చెప్తే వాళ్ళ డబ్బు ప్రస్తుతానికి వద్దనుకున్నాం, అంటే మా దగ్గర 5 లక్షల చిల్లరే మిగులుతుంది. చించినాడ గారూ, అంత తక్కువతో మొదలుపెట్టొచ్చా? ఆ ఖాతా మీద సంతకాలు ఎవరివి ఉండాలి? మావాళ్ళకి ఉన్న అసలు భయం అదే.

చించినాడ

పెట్టొచ్చండి. 40 మంది వద్దు, 20 మందితో పెట్టండి. మీ ఊళ్ళో ఉన్న సంఘాల్లోంచే తీసుకోండి, కొత్త సంఘం కట్టకండి. ఒకరి ఇంటి సంగతి ఒకరికి తెలిసినవాళ్ళు కావాలి. మొదటి ఆరు నెలలు బ్యాంకు వడ్డీ లెక్కలూ లాభనష్టాలూ చూడొద్దు, ప్రతి శనివారం కూలి అందిందా లేదా అన్నది ఒక్కటే చూడండి. ఒక్క శనివారం తప్పిందా, సోమవారానికి సరుకు ఏజెంటు ఇంట్లో ఉంటుంది.

సంతకాలు: ఇద్దరు లేసు అల్లేవాళ్ళు, ఒకరు మీ ట్రస్టు మనిషి. ముగ్గురిలో ఏ ఇద్దరైనా సంతకం పెట్టాలని బ్యాంకులో రాసివ్వండి, అప్పుడు అల్లేవాళ్ళలో కనీసం ఒకరి సంతకం తప్పకుండా ఉంటుంది. మీ ట్రస్టు మనిషి ఊళ్ళో ఉండేవాడై ఉండాలి, హైదరాబాదు నుంచి ఫోన్లో సంతకం పెట్టలేరు. మీ అమ్మగారికి లేసు పని వచ్చా? వస్తే ఆ అల్లేవాళ్ళ ఇద్దరిలో ఆవిడ పేరు వద్దు, మీ అమ్మగారని నలుగురూ ఆవిడతో విభేదించడానికి మొహమాటపడతారు. పాడైన సరుకు ఎంతవరకు భరిస్తారో ఆవిడనే అడిగి ఒక హద్దు పెట్టుకోండి.

మీ మిషన్ల జట్టుకి చెప్పండి, లేసుకి అంచు గుడ్డ కుట్టే పని ఉంటుంది, దానికి మిషను ఒకటి కావాలి. ఒకటే. మాస్టారి పేరు దాని మీద రాయించుకోమనండి.